ఇల్లు లేని కుటుంబాలకు విరాళం: ఎక్కడ ఇవ్వాలి, దేనికి ఇవ్వాలి?

రెడ్‌మండ్ రవి | నవంబర్ 16

అందరికీ నమస్కారం. సియాటిల్ పక్కన ఉండే మేం కొన్ని తెలుగు కుటుంబాలం ఏటా డిసెంబర్‌లో తలా కొంత వేసుకుని ఏదో ఒక మంచి పనికి పంపిస్తుంటాం. ఒక ఏడాది ఊళ్లో బడికి బెంచీలు, ఒక ఏడాది వృద్ధాశ్రమం, కోవిడ్ టైంలో ఆక్సిజన్ మిషన్లు. ఈసారి పన్నెండు వేల డాలర్ల దాకా పోగయ్యేలా ఉంది. ఇల్లు లేని కుటుంబాల కోసం ఇద్దామన్నంత వరకూ అందరూ ఒప్పుకున్నారు. గొడవంతా ఆ తర్వాతే.

2024 జనవరిలో అమెరికా గృహనిర్మాణ శాఖ ఒక్క రాత్రి లెక్క తీస్తే దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్లు 7,71,480 మంది తేలారు. పిల్లలున్న కుటుంబాల్లోని మనుషుల సంఖ్య ఒక్క ఏడాదిలో 39 శాతం పెరిగింది. పిల్లలే దాదాపు లక్షన్నర మంది. కాబట్టి ఇక్కడి ఫ్యామిలీ షెల్టర్‌కే ఇద్దామని కొందరు. "హైదరాబాద్‌లో ఫ్లైఓవర్ల కింద సంసారాలు లేవా, అక్కడైతే అదే డబ్బు పది లక్షలు" అని మిగతావాళ్లు. వాట్సాప్ గ్రూపులో ఇప్పటికే ఇద్దరు అలిగి కూర్చున్నారు. ఈ పని దగ్గర్నుంచి చూసినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి. ఏ దేశమన్న గొడవ కన్నా, అసలు ఈ సమస్యకి విరాళం డబ్బు ఏ మాత్రం పనికొస్తుందన్నదే నాకు తెలుసుకోవాలని ఉంది.


కూకట్‌పల్లి కుర్రోడు | నవంబర్ 16

అన్నా, ఆలోచించేదేముంది? ప్రపంచంలోనే పెద్ద కోటీశ్వరులు మీ ఊళ్లోనే ఉన్నారు. వాళ్లు చూసుకుంటారు. పది లక్షలు ఇక్కడికి పంపండి. మా ఫ్రెండ్స్ బ్యాచ్ ఏటా చలికాలం రాత్రిళ్లు బండ్ల మీద తిరిగి దుప్పట్లు పంచుతాం, బిర్యానీ ప్యాకెట్లు ఇస్తాం. ప్రతి రూపాయీ నేరుగా మనిషి చేతికే వెళ్తుంది. ఆఫీసులు, ఏసీలు, జీతాలు అనే గోల లేదు.


టకోమా టీచరమ్మ | నవంబర్ 16

రవి గారూ, పేరు చూసి టీచర్ని అనుకునేరు, కాదు. ఇక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఇల్లు లేని పిల్లల వ్యవహారాలు చూసే ఉద్యోగం నాది. 1987 నాటి మెకిన్నీ-వెంటో చట్టం వల్ల ప్రతి డిస్ట్రిక్ట్‌లోనూ ఇలా ఒకరుండాలి. ఇల్లు పోయి ఎక్కడో దూరంగా తలదాచుకుంటున్నా పిల్లవాడు పాత బడికే వచ్చేలా బస్సో టాక్సీనో ఏర్పాటు చేయడం, చేర్చుకునేటప్పుడు అడ్రస్ ప్రూఫ్ లేదని తిప్పి పంపకుండా చూడటం, ఇవీ నా పనులు.

ముందు ఒక సంగతి. మీరు చెప్పిన లెక్కలో షెల్టర్లలో, కార్లలో, రోడ్ల మీద ఉన్నవాళ్లే ఉంటారు. మా బడుల లెక్కలో చుట్టాల ఇంట్లో హాల్లో సర్దుకున్నవాళ్లు, మోటల్ గదికి వారానికింతని కట్టుకునేవాళ్లు కూడా వస్తారు. అందుకే మా లెక్కన బడి పిల్లలే పది లక్షలకు పైగా తేలతారు. ఇళ్లు పోయిన కుటుంబాలు చాలావరకు మీ కంటికి కనపడవు. తల్లి పొద్దున్నే యూనిఫాం వేసుకుని నర్సింగ్ హోంలో డ్యూటీకి వెళ్తుంది. పిల్లల్ని తీసుకుపోతారేమోనన్న భయంతో ఎవరికీ చెప్పదు.

వాళ్లకి అడ్డం పడేది ఏమిటంటే, నెల అద్దె ఎలాగో కట్టగలరు. కానీ ఇంట్లో దిగాలంటే మొదటి నెల, చివరి నెల, డిపాజిట్ ఒకేసారి పెట్టాలి. ప్రతి అపార్ట్‌మెంట్‌కీ అప్లికేషన్ ఫీజు. ఎప్పుడో ఒకసారి ఖాళీ చేయించిన రికార్డు ఉంటే తలుపు తీసేవాళ్లే ఉండరు.

దాతల విషయానికొస్తే, ఈ ప్రాంతానికి పెద్ద అనుభవమే ఉంది. 2000లో గేట్స్ ఫౌండేషన్ 40 మిలియన్ డాలర్లు పెట్టి కింగ్, పియర్స్, స్నోహోమిష్ కౌంటీల్లో ‘సౌండ్ ఫ్యామిలీస్’ అని ఒక కార్యక్రమం నడిపింది. కుటుంబాలు కొన్నాళ్లుండి నిలదొక్కుకోవడానికి తాత్కాలిక ఇళ్లు, వాటితోపాటు కౌన్సెలింగ్, ఉద్యోగ సాయం. 1,400కు పైగా ఇళ్లకు డబ్బు అందింది. మంచి పని, కాదనను. కానీ ఫౌండేషన్ ఒక్కటే చేసింది కాదది. హౌసింగ్ అథారిటీలు సెక్షన్ 8 అద్దె వోచర్లు (పేద కుటుంబాల అద్దెలో కొంత ప్రభుత్వమే కట్టేవి) జత చేశాయి కాబట్టే నడిచింది. బయటికెళ్లాక కూడా చాలా కుటుంబాలు ఆ వోచర్ల మీదే నిలబడ్డాయి. తర్వాతి దశలో ఫౌండేషన్ తాత్కాలిక ఇళ్ల మీద నుంచి దృష్టి మళ్లించి, కుటుంబాల్ని వీలైనంత త్వరగా మామూలు అద్దె ఇంట్లోకి చేర్చే పద్ధతి వైపు వెళ్లింది.


బెజవాడ బాబాయి | నవంబర్ 17

మన దానాల సంగతి కూడా ఆలోచించాలి నాయనా. "సత్రం భోజనం, మఠం నిద్ర" అని ఊరికే అనలేదు. డొక్కా సీతమ్మ గారు (1841–1909) కోనసీమలో లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవాళ్లకు కూడా వండి పెట్టింది. ఇవాళ మన రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. సత్రాలు కట్టించినవాళ్లూ తక్కువేం లేరు. కానీ సత్రం దారిన పోయేవాడిది. మూడు రోజులైతే మూట సర్దుకోవాల్సిందే. సంసారం ఎత్తిపోయినవాడికి గడప చూపించే దానం మనకు అలవాటు లేదు. అన్నదానానికి పుణ్యం చెప్పారు, గోదానానికి చెప్పారు, భూదానానికి చెప్పారు. అద్దెదానం అని ఏ పురాణంలోనూ విన్నట్టు లేదు.

అయితే ఒకటుంది. మా నాన్నగారు వారాలు చెప్పుకుని చదువుకున్నారు. సోమవారం ఒకింట్లో, మంగళవారం ఇంకొకింట్లో భోజనం. ఆ ఇళ్లవాళ్లు ఏదో ఒకరోజు పెట్టి ఫోటో దిగలేదు (అప్పుడు ఫోటోలు లేవనుకోండి). చదువు అయ్యేదాకా ఏళ్ల తరబడి పెట్టారు. కాస్తో కూస్తో అలాంటి పూచీ ఈ పనికి కావాలి.


రాత్రి డ్యూటీ | నవంబర్ 17

హైదరాబాద్‌లో ఒక నైట్ షెల్టర్‌లో పనిచేస్తాను. ఏ సంస్థో చెప్పను, అవసరం లేదు. కూకట్‌పల్లి బ్రదర్, కోపం తెచ్చుకోవద్దు. డిసెంబర్ నెలలో ఒక్కో కుటుంబానికి నాలుగైదు దుప్పట్లు వస్తాయి. వాటిని పెట్టుకోవడానికి బీరువా లేదు, తాళం వేసే తలుపు లేదు. పొద్దున మున్సిపాలిటీ బండి వస్తే మొత్తం ఎత్తుకుపోతుంది. అదే కుటుంబానికి మే నెలలో తాగే నీళ్లు ఎవరూ ఇవ్వరు.

ఫుట్‌పాత్ మీద కుటుంబాలు షెల్టర్‌కి ఎందుకు రావని అందరూ అడుగుతారు. మా షెల్టర్ మగవాళ్లది. ఇంకోటి ఆడవాళ్లది. భర్త ఇక్కడ, భార్య అక్కడ, పన్నెండేళ్లు దాటిన కొడుకుని తల్లి దగ్గర ఉండనివ్వరు. పొయ్యి పెట్టుకోనివ్వం. వాళ్ల సామాను, చిత్తు కాగితాల సంచులు, తోపుడు బండి బయట వదిలేస్తే తెల్లారేసరికి ఉండవు. అందుకే కుటుంబం కుటుంబంగా ఉండాలంటే రోడ్డే నయమని అక్కడే పడుకుంటారు.

కాగితం మీద అన్నీ ఉన్నాయి. జనాభా 5 లక్షలు దాటిన నగరాల్లో లక్ష మందికి ఒకటి చొప్పున ఇరవై నాలుగు గంటలూ నడిచే షెల్టర్ ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనల్లో మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలని రాశారు. కుటుంబాలకు వేరే షెల్టర్లు, వాటిలో చాటు ఉండేలా గదులు అని కూడా రాశారు. నేను పనిచేసిన చోట్ల అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పెద్దాసుపత్రుల దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకు షెల్టర్లు వచ్చాయి, అది మంచి మార్పే.

ఇక లెక్క. 2011 జనగణనలో ఫిబ్రవరి 28 రాత్రి తిరిగి లెక్కపెడితే దేశంలో ఇల్లు లేనివాళ్లు 17.7 లక్షల మంది, కుటుంబాలుగా చూస్తే నాలుగున్నర లక్షలు. మళ్లీ లెక్క పెట్టనే లేదు కాబట్టి ఇప్పటికీ అందరం అదే అంకె చెప్పుకుంటున్నాం. 2017 నవంబర్‌లో ఇవాంకా ట్రంప్ వచ్చినప్పుడు హైదరాబాద్‌లో బిచ్చమెత్తడం నిషేధించి, రోడ్ల మీద ఉన్నవాళ్లను చర్లపల్లి జైలు ఆవరణలో పెట్టిన ఆశ్రమానికి తరలించారు, గుర్తుందా? లెక్కలోకి రాని మనుషుల్ని ఊడ్చేయడం అంత తేలిక.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది ఇంకొకటి. దాతలు ఎక్కువగా డబ్బిచ్చేది పిల్లల హోంలకు. పుట్టినరోజుకి కేకు, భోజనం, ఫోటో. రోడ్డు మీద తల్లితో ఉన్న పిల్లని జువెనైల్ జస్టిస్ చట్టం (2015) కింద ‘సంరక్షణ అవసరమైన బాలిక’ అని హోంలో చేర్చడానికి డబ్బు దొరుకుతుంది. ఆ పిల్ల తల్లితోనే ఒక గదిలో ఉండటానికి దొరకదు. హోంలో ఒక పిల్ల మీద నెలకు అయ్యే ఖర్చుతో శివార్లలో రేకుల గది అద్దె చాలా వరకు వెళ్లిపోతుంది. నిజానికి హోంకి పంపడం ఆఖరి మార్గంగానే ఉండాలని ఆ చట్టంలోనే రాసి ఉంది. మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద పిల్లని కుటుంబంలోనే ఉంచడానికి నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ కూడా ఉంది. దానికి ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా కావాలి. ఇల్లే లేనివాళ్లు ఇవన్నీ ఎక్కడి నుంచి తెస్తారు?


కూకట్‌పల్లి కుర్రోడు | నవంబర్ 17

కోపం లేదన్నా. కానీ చలిలో వణికే మనిషికి దుప్పటి ఇవ్వడం తప్పంటే నేను ఒప్పుకోను. అద్దె కట్టే స్తోమత మాకు లేదు. మూడొందలు పెడితే దుప్పటి వస్తుంది. ఎవడికి కలిగింది వాడు చేస్తాడు.


పన్ను కట్టు | నవంబర్ 18

ఈ థ్రెడ్‌లో ఎవరూ మాట్లాడని సంగతి ఒకటుంది. సియాటిల్ కథ రవి గారికి తెలిసే ఉంటుంది, మిగతావాళ్ల కోసం చెప్తాను. 2018 మే నెలలో అక్కడి సిటీ కౌన్సిల్ ఏడాదికి 20 మిలియన్ డాలర్ల పైన వ్యాపారం చేసే కంపెనీల మీద ఉద్యోగికి 275 డాలర్ల పన్ను వేసింది. ఇల్లు లేనివాళ్ల కోసం, తక్కువ అద్దె ఇళ్ల కోసం ఏడాదికి 47 మిలియన్ డాలర్ల దాకా రావాలి. అమెజాన్ అంతకుముందే కొత్త టవర్ ప్లానింగ్ ఆపేసి బెదిరించింది. కంపెనీలన్నీ కలిసి పన్ను మీద రెఫరెండం కోసం సంతకాలు మొదలుపెట్టాయి. నెల తిరక్కుండా జూన్ 12న అదే కౌన్సిల్ 7–2 ఓట్లతో పన్ను ఎత్తేసింది. సెప్టెంబర్‌లో అమెజాన్ స్థాపకుడు జెఫ్ బెజోస్ 2 బిలియన్ డాలర్లతో డే వన్ ఫండ్ ప్రకటించారు. అందులో ఒక భాగం ఇల్లు లేని కుటుంబాలకు సాయం చేసే సంస్థలకు. పేపర్లన్నీ చప్పట్లు.

గోవును చంపి చెప్పులు దానం చేయడమంటే ఇదే. పన్ను అయితే ఏటా రావాలి, ఎక్కడ ఖర్చు పెట్టాలో జనం ఎన్నుకున్నవాళ్లు తేలుస్తారు. దానమైతే ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అన్నది ఇచ్చేవాడి ఇష్టం. అదే ఏడాది నవంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద కంపెనీల మీద ఇదే పని కోసం పన్ను వేసే ప్రతిపాదన ఓటుకు వచ్చింది. సేల్స్‌ఫోర్స్ కంపెనీ అధిపతి మార్క్ బెనియాఫ్ తన కంపెనీ కూడా కట్టాల్సిన ఆ పన్నుకు మద్దతుగా సొంత డబ్బు ఖర్చుపెట్టి ప్రచారం చేశారు, అప్పటి ట్విటర్ అధిపతి జాక్ డార్సీ వద్దన్నారు. పన్ను గెలిచింది. నన్నడిగితే దానశీలి అంటే తన మీద పన్ను వేయమని అడిగినవాడే.


లేక్‌యూనియన్ | నవంబర్ 18

పైన తిట్లు తిన్న అమెజాన్‌లోనే పనిచేస్తున్నాను, కాబట్టి నా మాట కొంచెం తగ్గించుకుని వినండి. చెప్పిన వరస నిజమే. కానీ కథ అక్కడ ఆగలేదు. 2020 జూలైలో సియాటిల్ కౌన్సిల్ మళ్లీ పెద్ద కంపెనీల జీతాల మీద ‘జంప్‌స్టార్ట్’ పన్ను వేసింది. అది నిలబడింది, ఇప్పటికీ వసూలవుతోంది. అంటే దానం వచ్చినంత మాత్రాన పన్ను ఆగిపోలేదు.

ఇక రెండోది. అదే 2020లో మా ఆఫీసు బిల్డింగుల్లో ఒకదాంట్లో మేరీస్ ప్లేస్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల ఫ్యామిలీ షెల్టర్ తెరుచుకుంది. రోజుకు రెండొందల మంది దాకా ఉండొచ్చు. అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు. ఇక్కడ తల్లి, తండ్రి, పిల్లలు ఒకే గదిలో ఉంటారు. రాత్రి డ్యూటీ గారు చెప్పిన విడదీసే గొడవ లేదు. ఊరి నడిబొడ్డున అంత స్థలం ఏ కౌన్సిల్ ఇచ్చేది చెప్పండి? డే వన్ ఫండ్ మొదటి ఏడాది 24 సంస్థలకు 97.5 మిలియన్ డాలర్లు ఇచ్చింది. ఆ తర్వాత కూడా ఏటా కొత్త సంస్థల జాబితా వస్తూనే ఉంది. అందులో మనం పెద్దగా పేరు వినని స్థానిక సంస్థలూ ఉన్నాయి. వాళ్లకు అంత డబ్బు ఒకేసారి చూడటం అదే మొదటిసారి అయి ఉంటుంది.


టకోమా టీచరమ్మ | నవంబర్ 18

ఇద్దరూ చెప్పింది సగం సగం నిజం. ఇప్పుడు అంకెలు చూడండి. అద్దె వోచర్ల మీద అమెరికా కేంద్ర ప్రభుత్వం ఏడాదికి 30 బిలియన్ డాలర్లకు పైగా ఖర్చుపెడుతుంది. అయినా అర్హత ఉన్న కుటుంబాల్లో అద్దె సాయం అందేది నాలుగింట ఒకదానికే. బెజోస్ గారి 2 బిలియన్లు మొత్తం, చిన్నపిల్లల బడుల వాటాతో సహా, ఒక్క ఏడాది వోచర్లకే పెట్టినా నెల రోజులు కూడా రావు. కాబట్టి దాతలు ఈ సమస్యని తీరుస్తారని ఎవరైనా అంటే నమ్మకండి.

మరి ఏది పనిచేస్తుందో తెలియదా అంటే, తెలుసు. గృహనిర్మాణ శాఖ ‘ఫ్యామిలీ ఆప్షన్స్’ అని ఒక పెద్ద అధ్యయనం చేయించింది. 12 చోట్ల షెల్టర్లలో ఉన్న 2,282 కుటుంబాల్ని తీసుకుని లాటరీ పద్ధతిలో కొందరికి దీర్ఘకాల అద్దె సాయం, కొందరికి కొన్ని నెలల అద్దె సాయం, కొందరికి తాత్కాలిక ఇళ్లు, మిగతావాళ్లకు మామూలుగా దొరికేవి. మూడేళ్ల తర్వాత చూస్తే దీర్ఘకాల సాయం అందినవాళ్లలో మళ్లీ ఇల్లు పోవడం సగానికి పైగా తగ్గింది. పిల్లలు బడులు మారడం తగ్గింది, ఇంట్లో హింస తగ్గింది. ఖర్చు కొంచెమే ఎక్కువ. ప్రత్యేకించి మానసిక కౌన్సెలింగులూ క్లాసులూ ఏమీ లేవు, వట్టి అద్దె సాయమే. కొన్ని నెలల సాయం చవకైంది కానీ మామూలు పద్ధతి కన్నా పెద్దగా తేడా చూపించలేదు.

ఇందులో దాత చోటెక్కడంటే, ప్రభుత్వం డబ్బు నిబంధనల వల్ల వెళ్లలేని సందుల్లో. మా దగ్గర ఒక చిన్న ఫండ్ ఉంది, స్థానికంగా కొందరు ఇచ్చింది. కారు బ్యాటరీ పోయి ఉద్యోగం పోబోతున్న తల్లికి బ్యాటరీ, పాత కరెంటు బాకీ వల్ల కొత్త ఇంట్లో కనెక్షన్ రాని వాళ్లకు ఆ బాకీ. పిల్లలతో వచ్చి ఉంటారంటే అక్క ఇంటి ఓనర్ ఒప్పుకోకపోతే, కొన్నాళ్లు ఉండనిచ్చేలా మాట్లాడి కొంత కట్టడం. షెల్టర్ దాకా రాకుండానే ఆపడం అన్నమాట. ఇలాంటి వాటికి గవర్నమెంట్ ఫారంలో గడి ఉండదు.


పన్ను కట్టు | నవంబర్ 18

అంటే నేను చెప్పిందే ఇంకా మర్యాదగా చెప్పారు. సందులు పూడ్చడానికి దాతలు, గోడ కట్టడానికి పన్నులు. సరే. కానీ మన తెలుగు సంఘాల సావనీర్లలో ఈ మాట ఎవరైనా రాస్తారా? అక్కడ అంతా స్టేజీ, శాలువా, జ్ఞాపిక.


మోడరేటర్ | నవంబర్ 18

తెలుగు సంఘాల శాలువాల మీద వేరే థ్రెడ్ ఉంది, మూడేళ్లుగా నడుస్తోంది. అక్కడికి వెళ్లండి.


పాలమూరు పోరడు | నవంబర్ 19

ఇంతవరకు చదువుతూ ఊరుకున్నాను. నేను అడ్డా కూలీల ఇంట్లో పుట్టినవాణ్ని. మా వాళ్లు వలస వచ్చి కట్టే బిల్డింగుల్లోనే ఉండేవాళ్లు. బిల్డింగ్ పూర్తయితే మా ఇల్లు పోయినట్టే. మేస్త్రీ ఇంకో సైట్ చూపించేదాకా బస్టాండో, ఫుట్‌పాతో. మమ్మల్ని ఎవరైనా నిరాశ్రయులు అంటే మా అమ్మ కొట్టేది, ఊళ్లో మాకు ఇల్లుంది అని. ఉంది నిజమే, పైకప్పు లేదు.

మాకు ఉపయోగపడింది ఎవరి దానమూ కాదు. అమ్మ గిన్నెలు కడిగే టిఫిన్ సెంటర్ ఆయన బోరబండలో తనకు తెలిసిన ఓనర్‌తో "వీళ్లకు నాది పూచీ" అని మాట ఇచ్చి, అడ్వాన్స్ తాను కట్టి, జీతంలో కొంచెం కొంచెం పట్టుకున్నాడు. ఆ గది వచ్చాక మిగతావన్నీ దాని వెనకే వచ్చాయి. రేషన్ కార్డుకు అడ్రస్, గ్యాస్ కనెక్షన్, చెల్లెలికి అంగన్‌వాడీ. అంతకుముందు మాకు అన్నం పెట్టినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల మీద కోపం లేదు. కానీ ఆయన ఒక్కడే మమ్మల్ని అద్దెకుండేవాళ్లలాగా చూశాడు.

రాత్రి డ్యూటీ అన్నతో ఒక విషయంలో మాత్రం ఒప్పుకోను. నేను సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివాను. అది లేకపోతే ఇవాళ ఈ కీబోర్డు ముందు ఉండేవాణ్ని కాదు. పిల్లలు ఇంటికి దూరంగా ఉండటం అన్నిసార్లూ చెడ్డదేం కాదు.


రాత్రి డ్యూటీ | నవంబర్ 19

తమ్ముడూ, గురుకులానికీ నేను చెప్పిన హోంకీ చాలా తేడా ఉంది. దసరాకి నువ్వు ఇంటికి వెళ్లావు కదా. మీ అమ్మ ఆదివారం వచ్చి చూసేది కదా. నిన్ను అనాథ అని బోర్డు పెట్టి దాతలకు చూపించలేదు. చదువు కోసం హాస్టల్‌లో ఉంచడానికి నేను వ్యతిరేకం కాదు. ఇల్లు లేదన్న ఒక్క కారణంతో అమ్మ దగ్గర నుంచి తీసుకెళ్లడమే నాకు నచ్చదు.

టిఫిన్ సెంటర్ ఆయన చేసిన పనే మేం ఒక సంస్థగా చేయాలని చూశాం. చెప్పినంత సులువు కాదు. శివార్లలో గది నాలుగైదు వేలు, రెండు నెలల అడ్వాన్స్. ఓనర్ మొదటి ప్రశ్న "ఏమిటోళ్లు?" అని. రెండోది "పిల్లలెంతమంది?" మూడోది "ఏం పని?" చిత్తు కాగితాలు ఏరతారంటే గేటు మూసేస్తాడు. మేం కాగితం మీద సంతకం పెడితేనే ఒప్పుకున్నవాళ్లు కొందరు. ఆరు నెలల అద్దె మేం కడితే, ఆ తర్వాత వాళ్లంతట వాళ్లు కట్టుకోవాలని అనుకున్నాం. కొన్ని కుటుంబాలు నిలదొక్కుకున్నాయి. కొన్ని తిరిగి రోడ్డు మీదికే వచ్చాయి. పని దొరికే చోటు నగరం మధ్యలో, గది ఊరి చివర, బస్సు చార్జీలకే కూలి పోతుంటే ఎవరుంటారు? ఒకాయనకు తాగుడు వల్ల గది పోయింది, అది కూడా దాచను.

పనిచేసిన చోట ఏముంది అంటే వారానికోసారి ఆ ఇంటికి వెళ్లే మనిషి ఉన్నాడు. ఓనర్‌తో గొడవ వస్తే సర్దేవాడు, బడిలో చేర్పించేవాడు, ఆధార్ సెంటర్ దగ్గర క్యూలో నిలబడేవాడు. ఆ మనిషి జీతానికి దాత దొరకడు. "మా డబ్బు జీతాలకు వెళ్లకూడదు" అంటారు. కూకట్‌పల్లి బ్రదర్ మొదటి పోస్టులోనే అన్నాడు చూడండి.


ఆడిటర్ గారు | నవంబర్ 20

వృత్తిరీత్యా కొన్ని ట్రస్టుల లెక్కలు చూస్తుంటాను. రవి గారికి పనికొచ్చే రెండు మూడు మాటలు.

ఇండియాకు పంపేట్టయితే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) సంగతి ముందు చూసుకోండి. మీలో భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ దాతలే. అందరి డబ్బూ కలిపి అక్కడి సంఘం ఖాతాలోంచి పంపితే మొత్తం విదేశీ విరాళమే అవుతుంది. అలాంటి డబ్బు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే తీసుకోవాలి, అది కూడా ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తీసుకుని ఇంకో చిన్న సంస్థకు ఇవ్వడం కుదరదు. పరిపాలన ఖర్చులు 50 శాతం దాకా ఉండొచ్చన్నదాన్ని 20 శాతానికి తగ్గించారు. రిజిస్ట్రేషన్ లేని చిన్న సంస్థలకు, అంటే ఫుట్‌పాత్ దాకా నిజంగా వెళ్లే సంస్థలకు, మీ డబ్బు చేరే దారి దీంతో ఇరుకైపోయింది.

సీఎస్‌ఆర్ (కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు) సంగతి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి. దేని మీద అన్నది ఏడో షెడ్యూల్‌లో ఉంటుంది. అందులో మహిళలకు, అనాథలకు హోంలు, హాస్టళ్లు ఉన్నాయి. వృద్ధాశ్రమాలు ఉన్నాయి. మురికివాడల అభివృద్ధి ఉంది. ఇల్లు లేని కుటుంబం అన్న మాట మాత్రం లేదు. పేదరిక నిర్మూలన కింద చూపించొచ్చు, అడ్డేం లేదు. కానీ కంపెనీ కమిటీ ముందు కూర్చున్న మేనేజర్ షెడ్యూల్‌లో అచ్చయి ఉన్న మాటకే టిక్ పెడతాడు. రాత్రి డ్యూటీ గారు చెప్పిన హోంల వైపు మొగ్గుకు ఇదొక కారణం అనుకుంటాను.


రెడ్‌మండ్ రవి | నవంబర్ 22

నిన్న రాత్రి మా వాళ్లతో జూమ్ పెట్టి ఈ థ్రెడ్ మొత్తం చదివించాను. షెల్టర్‌కి పెద్ద చెక్కు ఇచ్చి ఫోటో దిగే ప్లాన్ పోయింది (అలిగిన ఇద్దరిలో ఒకాయన మళ్లీ అలిగాడు, అది వేరే సంగతి). సగం టీచరమ్మ గారు చెప్పినలాంటి ఫండ్‌కి, మా స్కూల్ డిస్ట్రిక్ట్‌లోనే. మాలో చాలామంది మైక్రోసాఫ్ట్‌లో ఉన్నారు కాబట్టి కంపెనీ మ్యాచింగ్‌తో అది రెట్టింపవుతుంది. మిగతా సగం భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లం విడివిడిగా హైదరాబాద్‌కి పంపుతాం, ఇంటింటికీ తిరిగే ఒక మనిషి జీతానికి, అడ్వాన్సులకు. ఒక్క ఏడాది కాదు, మూడేళ్లకు నెలనెలా అని అడిగాను. సగం మంది చేతులెత్తారు. మిగతావాళ్లు ఉద్యోగాలు ఉంటే అన్నారు. లేఆఫ్‌ల టెన్షన్‌లో వాళ్లనీ తప్పుపట్టలేను.

పన్ను కట్టు గారూ, మీ వాదన కూడా చదివించాను. ఈసారి స్థానిక ఎన్నికల్లో ఇళ్ల పన్ను ఓటుకొస్తే ఎటు వేస్తారని అడిగితే, ఇళ్లున్న మా వాళ్లందరూ ఒక్కసారిగా మ్యూట్‌లోకి వెళ్లిపోయారు.


పన్ను కట్టు | నవంబర్ 22

నేనేం ఆశ్చర్యపోలేదు.


బెజవాడ బాబాయి | నవంబర్ 23

మూడేళ్లు అన్న మాట బాగుంది. నా పెన్షన్‌లోంచి నెలకు వెయ్యి నేనూ వేస్తాను. నేను ఇక్కడివాణ్నే, నాకు ఆ ఎఫ్‌సీఆర్‌ఏ గొడవ లేదు కదా ఆడిటర్ గారూ?


ఆడిటర్ గారు | నవంబర్ 23

లేదండీ. పన్ను మినహాయింపుకి 80జీ రసీదు తీసుకోండి. రసీదు మీద ‘కార్పస్’ అని రాస్తే మాత్రం ఒప్పుకోవద్దు. అలా రాస్తే ఆ డబ్బు మూలనిధిగా బ్యాంకులో కూర్చుంటుంది, అద్దెకు వాడలేరు.


కూకట్‌పల్లి కుర్రోడు | నవంబర్ 23

రాత్రి డ్యూటీ అన్నా, మా బ్యాచ్‌లో ఏడెనిమిది మందిమి ఉన్నాం. డబ్బు ఎక్కువ ఇవ్వలేం, టైం ఇవ్వగలం. ఈ ఆదివారం రావచ్చా?


రాత్రి డ్యూటీ | నవంబర్ 23

ఆదివారం అందరూ వస్తారు. మంగళవారం రాత్రి తొమ్మిది తర్వాత రండి, అప్పటికి వాళ్లు పనుల నుంచి తిరిగొస్తారు. మొదటి రోజు ఇద్దరు చాలు. మీలో ఎవరికైనా మీసేవ ఫారాలు నింపడం వచ్చా?